నా పడవలు - నా పాఠాలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో "ఉద్యోగ విరమణానంతరం వ్యాపకం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు పెట్టారు. "అయ్యా, నా జీవితంలో నాకు చేతనైనవి రెండే. ఒకటి ఫైలు కట్టడం, రెండోది పడవ కట్టడం. దేని గురించి చెప్పమంటారు?" అని అడిగాను. "ఫైళ్ళ సంగతి మాకందరికీ తెలిసిందే, పడవల సంగతి చెప్పండి" అన్నారు. అందుచేత ఈ పూట కమ్యుటేషను, కరువుభత్యం, లైఫ్ సర్టిఫికెట్టు వీటిని కాసేపు పక్కన పెట్టి మిమ్మల్ని గోదావరిలోకి తీసుకువెడతాను. మా ఆవిడ ముందువరసలోనే కూర్చుంది గనుక నేను అతిశయోక్తులు చెప్పే వీలు లేదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

నేను పుట్టింది 1950లో, గౌతమీ పాయ ఒడ్డున, కోటిపల్లి రేవుకు దిగువనున్న ఒక చిన్న పల్లెలో. మా ఊళ్ళో పిల్లవాడికి నడక వచ్చాక వచ్చే రెండో విద్య ఈత. మూడోది అరటిబోదెలు నాలుగు కలిపి వెదురుబద్దలు గుచ్చి తెప్ప కట్టడం. ఆ తర్వాత తాటిదోనె. ముదిరిన తాటిమొద్దును నిలువునా చీల్చి, లోపలి గుజ్జంతా తొలిచేస్తే మిగిలే డిప్పే దోనె. ఒంటిదోనె ఎక్కితే ఎటు తుమ్మితే అటు పక్కకు ఒరుగుతుంది. రెండు దోనెలను పక్కపక్కన కట్టితే దాన్ని సంగడి అంటారు. అది బోల్తాపడదు. ఈ ఒక్క తేడాలోనే పడవ శాస్త్రం సగం ఉందని నాకు తర్వాతెప్పుడో బోధపడింది.

ఆ రోజుల్లో డెల్టా కాలువల్లో సరుకంతా పడవల మీదనే నడిచేది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు ఆ కాలువలు చేలకు నీళ్ళివ్వడానికే కాదు, రవాణాకు కూడా ఉద్దేశించినవే. అందుకే లాకులు కట్టారు. ధాన్యం పడవలను మనుషులు తాడు కట్టి గట్టు వెంట లాగుతూ ఉండేవారు. ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. అప్పుడు పడవలన్నీ గట్టెక్కి మరమ్మతుకు కూర్చునేవి. మాకు బడి సెలవులు కూడా అప్పుడే. ఇంకేం కావాలి!

మా రేవులో ఒక పడవల వడ్రంగి ఉండేవాడు. మేమందరం "తాతా" అని పిలిచేవాళ్ళం. పలకల సందుల్లో పాత నారను గీకేసి, కొత్త నారను ఉలితో, కొయ్యసుత్తితో కూరి, ఆపైన గుగ్గిలం నూనె కలిపి కాచి పూసేవాడు. నేను పక్కన చేరి నార పేనుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు సుత్తి నా చేతికిచ్చి, "కళ్ళతో చూడమాకు, చెవితో విను" అన్నాడు. నార వదులుగా ఉన్నంతసేపు సుత్తిదెబ్బ బొద్దుగా మోగుతుంది. సందు నిండేసరికి చప్పుడు మారి కంగుమంటుంది. అంతకుమించి ఒక్క దెబ్బ వేసినా పలక విచ్చుకుంటుంది. ఈ పాఠం నాకు పడవల్లోనే కాదు, పై అధికారులకు రిమైండర్లు రాసేటప్పుడు కూడా ఉపయోగపడింది.

తాత పూర్వీకులు కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల వాళ్ళట. ఒకనాడు ఆ తావుల్లో సముద్రాలు దాటే పెద్ద కొయ్య ఓడలే కట్టేవారు. కోరంగి నుంచి బర్మా వెళ్ళినవారు ఎందరో ఉండబట్టే అక్కడ తెలుగువాళ్ళకు "కోరంగీలు" అని పేరు పడింది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెనతో ఆ రేవు వైభవం పోయింది. తాత ఈ సంగతి నిన్న మొన్న జరిగినట్టు చెప్పేవాడు.

1972లో రెవెన్యూలో ఎల్డీసీగా చేరాను. పెళ్ళయింది. జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోయే రోజులు. అయినా 1975లో నా మొదటి పడవ మొదలుపెట్టాను. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పలకలకు మామిడి కలప, పక్కటెముకలకు వంపు తిరిగిన తుమ్మకొమ్మలు. వంపు కలపను కోసి తయారుచేస్తే దాని పోగు తెగి బలం పోతుంది. చెట్టులోనే సహజంగా వంగిన కొమ్మను వెతుక్కోవాలి. అందుకని నేను క్యాంపుకు వెళ్ళిన ఊరల్లా తుమ్మచెట్ల కేసి చూస్తూ నడిచేవాణ్ణి. అజమాయిషీకి వచ్చిన గుమాస్తా చేలు చూడకుండా చెట్లు చూస్తాడేమిటని కరణాలు కంగారు పడేవారు. ఆదివారాలు మాత్రమే పనిచేస్తూ పద్నాలుగు నెలల్లో పూర్తిచేశాను. తెరచాప మా ఆవిడ పాత కుట్టుమిషను మీద కుట్టింది. గాడా గుడ్డ, మూడుమూలల చాప.

తెరచాప పడవ ఎదురుగాలికి ఎలా పోతుందని చాలామంది అడుగుతారు. తిన్నగా పోదు. గాలికి నలభై అయిదు డిగ్రీల వాలులో ముక్కు పెట్టి కొంతదూరం కుడికి, మళ్ళీ తిప్పి కొంతదూరం ఎడమకు, ఇలా వంకరటింకరగా పైకి పోవాలి. పడవ పక్కకు జారిపోకుండా నడిమధ్య ఒక పలక నీళ్ళలోకి దిగి ఉంటుంది. మన ఫైలు కూడా అంతే గదా. కింది బల్ల నుంచి పై అధికారి దగ్గరకు తిన్నగా ఎన్నడైనా వెళ్ళిందా? ఈ బల్లా ఆ బల్లా తిరిగే వెడుతుంది. నడిమి పలక లేని ఫైలు పక్కకు కొట్టుకుపోతుంది.

ఇంతవరకు చెప్పినది సరదా. ఇప్పుడు చెప్పబోయేది సరదా కాదు. నలభై ఏళ్ళకు పైగా సభలో ఎక్కడా చెప్పలేదు. చెప్పడానికి మా ఆవిడ అనుమతి తీసుకున్నాను.

1979 సంక్రాంతికి మా బావమరిది కుటుంబంతో మా ఊరు వచ్చాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, తొమ్మిదేళ్ళవాడు. కనుమనాడు మధ్యాహ్నం వాణ్ణి పడవ ఎక్కించుకుని గౌతమిలోకి వెళ్ళాను. సముద్రపు గాలి మంచి జోరుమీద ఉంది. "మావయ్యా, ఇంకా జోరుగా, ఇంకా జోరుగా" అని వాడు గంతులు. నేనూ కుర్రవాణ్ణే, ఇరవై తొమ్మిదేళ్ళు. తెరచాప తాడు చేతిలో పట్టుకోవాలి, ఎన్నడూ కట్టకూడదు. తాత నేర్పిన మొదటి నియమం అది. చాప లాగి లాగి చెయ్యి నొప్పెడుతోందని ఆ రోజు తాడును పడవ అంచున్న కొయ్యమేకుకు ముడివేశాను. చేతులు రెండూ ఖాళీ చేసుకుని వాడికి దూరంగా కనిపించే లంకల పేర్లు చెబుతున్నాను.

ఒక్కసారిగా గాలి విసురు వచ్చింది. తాడు చేతిలో ఉంటే వదిలేస్తే సరిపోయేది. చాప రెపరెపలాడుతుంది, పడవ లేచి నిలబడుతుంది. ముడి బిగుసుకుపోయింది. నేను ముడి విప్పేలోగా పడవ ఒరిగి అంచు నీళ్ళలోకి దిగింది. మరుక్షణం ఇద్దరమూ నీళ్ళలో ఉన్నాం. నేను తేలాను. పిల్లవాడు కనబడలేదు. వాడు తెరచాప కింద చిక్కుకున్నాడు. తడిసిన గుడ్డ నీటిమీద పరుచుకుంటే కింద ఉన్నవాడికి గోడలాంటిది. నేను రెండుసార్లు మునిగాను, దొరకలేదు. కాస్త దూరంలో వల వేసుకుంటున్న ఒక ఆసామి తన దోనె వదిలేసి ఈదుకొచ్చి, చాపను కత్తితో చీల్చి, వాణ్ణి జుట్టు పట్టుకు లాగాడు. ఒడ్డున బోర్లా వేసి నీళ్ళు కక్కించాడు. వాడు ఏడ్చిన ఆ ఏడుపు వినేవరకు ఎంతసేపయిందో నాకు తెలియదు.

ఆ ఆసామి నన్ను తిట్టలేదు. కొయ్యమేకుకున్న ముడి చూసి, "గాలిని ముడేసి కట్టేద్దారనుకున్నారేటండి బాబూ?" అని మాత్రం అన్నాడు. మా బావమరిది ఆ సాయంత్రం బస్సుకే పెళ్ళాన్నీ బిడ్డనూ తీసుకుని వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఆ రాత్రంతా మాట్లాడలేదు. తెల్లవారుఝామున ఒకే ఒక్క మాట అంది: "అన్నయ్యకు ఏమని జవాబు చెప్పేదాన్నండీ?" దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. తప్పు గాలిది కాదు, గోదావరిది కాదు. పూర్తిగా నాది.

పడవను తీసుకువచ్చి గొడ్లసావిడి దూలాలకు బోర్లా వేలాడగట్టాను. ఏడేళ్ళు అది అక్కడే ఉంది. బావమరిది మా గుమ్మం తొక్కలేదు. నేను రేవు వైపు వెళ్ళడమే మానేశాను. ఆఫీసు, ఇల్లు, అంతే.

1986 ఆగస్టు వరదలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటికి నేను కోనసీమలో ఒక మండల కార్యాలయంలో యూడీసీని. భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని రేడియోలో వినగానే మా ఆవిడ వీధిలోకి వచ్చి, "ఏమండీ, పడవ దించరూ?" అంది. నేను నా చెవులను నమ్మలేకపోయాను.

ఏడేళ్ళు ఎండిన పడవ జల్లెడతో సమానం. సందులన్నీ విచ్చుకుని ఉంటాయి. మా ఇంటి వెనుక చెరువులో దానిని కావాలనే ముంచి, రాళ్ళు పెట్టి ఒక రాత్రీ పగలూ ఉంచాను. కలప నీళ్ళు తాగి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి. మిగిలిన చోట్ల నార కూరి తారు పూశాను. తెరచాప కట్టలేదు. గెడ, తెడ్డు మాత్రమే.

పెద్ద నావలు ఏటిలో తిరగగలవు గాని, మునిగిన కొబ్బరితోటల్లో, ఇళ్ళ మధ్య సందుల్లో తిరగలేవు. నా పదడుగుల పడవ అక్కడ పనికివచ్చింది. నడవలేని ముసలివాళ్ళను, బాలింతలను ఇద్దరిద్దరిని చొప్పున గట్టుమీదికి చేర్చాను. గొప్పకోసం చెప్పడం లేదు. ఆ రోజుల్లో పడవ ఉన్న ప్రతివాడూ ఆ పనే చేశాడు. ఇంకొక పని మాత్రం గుమాస్తాను గనుక నేను చేయగలిగాను.

వరద డ్యూటీలో నాకిచ్చిన పని, అద్దెకు తీసుకున్న పడవల రిజిస్టరు రాయడం. ఏ పడవ ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది. అప్పుడు ఒక లెక్క వేశాను. నా పడవ నీటిని తాకే వైశాల్యం ఇంచుమించు రెండున్నర చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు కిందికి దిగితే 25 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, అంటే 25 కిలోల బరువు మోస్తుంది. 60 కిలోల మనిషి ఎక్కితే రెండున్నర సెంటీమీటర్లు, అనగా ఒక అంగుళం దిగుతుంది. మనిషికొక అంగుళం! ఎనిమిదిమంది ఎక్కితే ఎనిమిది అంగుళాలు. చూడడానికి పడవ నిక్షేపంగా తేలుతూనే ఉంటుంది, ఒక్కడు లేచి నిలబడేవరకు. పెద్ద పడవకు మనిషికి అంగుళం కాకపోవచ్చు, అర అంగుళమో, పావు అంగుళమో. కాని లెక్క ఒకటే.

రెడాక్సైడ్ రంగు తెప్పించి, రిజిస్టరులో ఉన్న ప్రతి పడవకు అంచు కింద జానెడు వదిలి ఎర్రగీత గీయించాను. నీళ్ళు గీతను తాకితే ఇంకొకరిని ఎక్కించరాదు. ఇది నా కనిపెట్టుడు కాదు. ఇంగ్లండులో ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఓడలకు ఇటువంటి గీత కోసం ఏళ్ళతరబడి పోరాడితే 1876లో చట్టం వచ్చింది. పడవవాళ్ళు మొదట సణిగారు. "గీత కాడ ఆగితే ఊరంతా ఎప్పటికి దాటుద్దండీ?" అన్నారు. ఒక పెద్దమనిషి తన సామాను, ధాన్యపు బస్తాలు కూడా అదే ట్రిప్పులో వెయ్యాలని పట్టుబట్టాడు. "అయ్యా, బస్తాలు రెండో ట్రిప్పులో వస్తాయి. మనుషులకు రెండో ట్రిప్పు ఉండదు" అన్నాను. నా మీద పై అధికారికి ఫిర్యాదు వెళ్ళింది. ఆయన గీత చూసి, నా కేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ వరదలో మా రిజిస్టరులోని ఒక్క పడవా మునగలేదు. నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో నాకు ప్రమోషనుకంటె ఎక్కువ సంతోషం ఇచ్చిన రిజిస్టరు అదొక్కటే.

వరద తీశాక మా బావమరిది వచ్చాడు. పడవ చుట్టూ తిరిగి ఆ గీత మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత భోజనానికి కూర్చున్నాడు. అంతకుమించి మా మధ్య మాటలేమీ జరగలేదు. అవసరం కూడా లేకపోయింది.

ఆ పడవ 1996 నవంబరు 6 తుఫానులో పోయింది. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో మీకు తెలుసు. వాటిలో ఒకటి సరిగ్గా మా సావిడి మీద పడింది. ఆ తుఫానులో ఎందరో మత్స్యకారులు సముద్రంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అటువంటప్పుడు ఒక పదడుగుల పడవ కోసం కన్నీరు పెట్టడం నాకే సిగ్గనిపించింది.

2008లో రిటైరయ్యాను. మూడోనెలకే మా ఆవిడ, "ఇంట్లో నా వెనకాలే తిరుగుతూ డబ్బాలమీద లేబుళ్ళు అంటిస్తున్నారు, ఏదైనా పని చూసుకోండి" అంది. గ్రాట్యుటీలో కొంచెం తీసి రెండో పడవకు దిగాను. ఇది ప్లైవుడ్ పడవ. ఎనిమిదడుగుల నాలుగడుగుల రేకులు, ఆరు మిల్లీమీటర్ల మందం. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే తీసుకోవాలి. మామూలు ప్లైవుడ్ రెండు వర్షాలకు పుస్తకంలా పేజీలు విడిపోతుంది. రేకులను కొలత ప్రకారం కోసి, అంచుల్లో రంధ్రాలు చేసి, రాగితీగతో కుట్టినట్టు బిగించి, లోపలా బయటా ఎపాక్సీ జిగురుతో గాజుగుడ్డ పట్టీలు అతికించడం. ఈ పద్ధతిని 1960ల తొలినాళ్ళలో ఇంగ్లండులో జాక్ హోల్ట్, బారీ బక్నెల్ అనేవారు "మిర్రర్" అనే చిన్న పడవతో ఇంటింటికీ తెచ్చారు.

మొదట నాకు ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత నవ్వు వచ్చింది. మన తూర్పుతీరంలో మసూలా పడవలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. వాటి పలకలకు మేకు అనేది లేదు. కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల మీద అల వచ్చి ఇసుకమీద ఎత్తి కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి మళ్ళీ సర్దుకుంటుంది. తాడు పోయి తీగ వచ్చింది, అంతే.

మూడో పడవ 2013లో పిల్లల కోసం కట్టాను. "ఆప్టిమిస్ట్" అంటారు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లలకోసం రూపొందించింది. ఎనిమిదడుగుల లోపే ఉంటుంది. ముందు ముక్కు ఉండదు, నలుచదరంగా కోసేసినట్టు తొట్టిలాగా ఉంటుంది. కాని ప్రపంచమంతటా పిల్లలు తెరచాప నేర్చుకునేది దాని మీదనే. మన హుస్సేన్‌సాగర్‌లో కూడా తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి.

ఇక పెన్షనరు మిత్రులలో ఎవరికైనా ఈ పిచ్చి పట్టుకుంటే, అనుభవం మీద నాలుగు మాటలు. ఒకటి, లైఫ్ జాకెట్టు పడవలో ఉంటే చాలదు, ఒంటిమీద ఉండాలి, బకిల్ పెట్టి ఉండాలి. ఈత వచ్చినవాడికీ అంతే. రెండు, తెరచాప తాడు కట్టరాదు. మూడు, ఎక్కేముందు అంచు చూడండి, మనుషులను లెక్కపెట్టండి. ఎవరి పడవ ఎక్కినా ఇది మన హక్కు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన వార్త విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాలుగు, వయసు. డెబ్బై రెండో ఏట నుంచి నేను ఒంటరిగా వెళ్ళడం మానేశాను. డాక్టరు చెప్పలేదు. ఒకరోజు తెడ్డు చేజారితే అందుకోవడానికి ఒక క్షణం ఆలస్యమయింది. ఆ క్షణం విలువ నాకు తెలుసు.

చివరగా ఒక్క సంగతి. 2024 సంక్రాంతికి మా మేనల్లుడు, ఆనాటి తొమ్మిదేళ్ళవాడు, యాభై దాటిన మనిషి, హైదరాబాదు నుంచి కూతురితో వచ్చాడు. ఆ అమ్మాయి హుస్సేన్‌సాగర్‌లో పడవ నడపడం నేర్చుకుందట. "తాతయ్యా, నన్ను గౌతమిలోకి తీసుకెళ్ళవా?" అంది. నేను వాడి కేసి చూశాను. వాడు వాళ్ళ అత్త కేసి చూశాడు. మా ఆవిడ వంటింట్లోంచే, "జాకెట్లు వేసుకుని వెళ్ళండి" అంది.

వాడు రేవులో నిలబడిపోతాడనుకున్నాను. ఆఖరి నిమిషంలో పంచె ఎగగట్టి తనూ ఎక్కాడు. నలభై అయిదేళ్ళ తర్వాత నా పడవ ఎక్కడం అదే. అమ్మాయి చుక్కాని పట్టుకుంది. నేను తాడు అందుకోబోతే వాడు చెయ్యి చాచి, "నాకియ్యి మావయ్యా" అన్నాడు. ఇచ్చాను. వాడు దాన్ని అరచేతికి చుట్టుకోకుండా, దేనికీ కట్టకుండా, వేళ్ళ మధ్య వదులుగా పట్టుకున్నాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. తిరిగి రేవు చేరేవరకు వాడి చెయ్యి నొప్పెట్టే ఉంటుంది. ఒక్కసారి కూడా నాకియ్యలేదు.

 కోటిపల్లి వైపు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. పడవ సిద్ధంగా ఉంటుంది. ఎర్రగీత దాటనంతవరకు అందరికీ చోటుంది.

సెలవు.